ఇంజను ముక్కూ వరదనీరూ

తెలుగులో 'దమ్ము' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఊపిరి, దాని నుండి పుట్టిన సత్తా అన్నది మొదటిది. ఇది ఫారసీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఇంటికి వచ్చిన మాట. నాట్లకు ముందు మడికి నీరు పెట్టి బురదగా కలియదున్నడమన్నది రెండవది. మా కోస్తా జిల్లాల రైతుకు తొలకరి దాటిందంటే ఈ దమ్మే జ్ఞప్తికి వస్తుంది. ఈ రెండర్థాలూ ఒక్కచోట కలిసి కనిపించాలంటే ఇనుప చక్రాలు తగిలించుకొని మడిలో దిగిన ట్రాక్టరును చూడాలి. చక్రాలు బురదలో కూరుకుపోయి ఉంటాయి. ముందు భాగమంతా మట్టినీరు చిమ్ముతూ ఉంటుంది. గాలి పీల్చుకునే గొట్టం మాత్రం, చాలా ట్రాక్టర్లకు, బానెట్టు మీద నిటారుగా లేచి, నెత్తిన పుట్టగొడుగు వంటి టోపీ పెట్టుకొని ఉంటుంది.

అదే రైతు కొడుకు పట్నంలో కొనుక్కున్న కారును చూడండి. కంపెనీ అమర్చిన గాలిపెట్టెను పీకించి, వేలకు వేలు పోసి, తళతళలాడే గొట్టమొకటి పెట్టించుకుంటాడు. ఆ గొట్టం చివర శంకువు ఆకారంలో ఒక ఫిల్టరు. అది ఎక్కడ ఉంటుందనుకున్నారు? ముందు బంపరు వెనుక, రోడ్డుకు జానెడో, జానెడున్నరో ఎత్తున. తండ్రి బండి బురదలో కూడా తలెత్తుకొని ఊపిరి పీల్చుకుంటుంటే, కొడుకు బండి వాననీటికి అంత చేరువగా ముక్కు దించి ఎందుకు నడుస్తున్నది? ఇది వట్టి షోకు అని కొట్టిపారేయవచ్చు గాని, దీని వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఈ టపా ఆ చరిత్రను గురించి.

నేను జీవితమంతా ఛందస్సూ, సంధులూ చెప్పుకొని బ్రతికినవాణ్ణి. యంత్రశాస్త్రం నా విద్య కాదు. ఈ విషయంలో నాకు తెలిసినది కొంత పుస్తకాల వలన, కొంత విజయవాడలో కార్ల షెడ్డు నడుపుకుంటున్న నా పూర్వశిష్యుడొకని వలన. ఒకప్పుడు నా దగ్గర వ్యాకరణంలో గట్టెక్కలేక అవస్థపడినవాడు, ఇప్పుడు నాకు పిస్టనూ, సిలిండరూ ఎంతో ఓపికగా బోధిస్తుంటాడు.

మొదట గండం ఏమిటో తెలియాలి. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిలబెట్టిన నాలుగు అంగల ఇంజనే కొన్ని మార్పులతో నేటికీ మన కార్లలో ఉన్నది. పీల్చడం, అదమడం, మండడం, వదలడం: ఇవీ ఆ నాలుగు. ఇందులో రెండవదే ప్రాణాంతకం. 1200 సీసీ కారులో నాలుగు సిలిండర్లుంటే ఒక్కొక్కటి 300 సీసీ. సంపీడన నిష్పత్తి 10 అనుకుంటే, పిస్టను పైకి వచ్చేసరికి దాని నెత్తిన మిగిలే చోటు 33 సీసీ మాత్రమే. దగ్గుమందు సీసా మూతతో మూడుసార్లు కొలిచి పోస్తే దాదాపు నిండిపోతుంది. గాలి అయితే ఆ ఇరుకులో అణిగిమణిగి ఉంటుంది. నీరు అణగదు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను సెకనుకు 33 సార్లు పైకి వస్తుంది. ఆ వేగంతో వచ్చి నీటిగోడను గుద్దుకుంటే, పిస్టనునూ క్రాంకునూ కలిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఒక్కొక్కసారి విరిగి ఇంజను పొట్ట చీల్చుకొని బయటికి వస్తుంది. దీనికి ఆంగ్లంలో హైడ్రోలాక్ అని పేరు. షెడ్డు భాషలో చెప్పాలంటే 'ఇంజన్ నీళ్ళు తాగింది'. నాకు ఈ రెండో మాటే నచ్చింది.

ఇక్కడ చిత్రమైన సంగతి ఒకటి చెప్పాలి. ఇంజనుకు నీరు పుట్టుశత్రువేమీ కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానపు ఇంజన్లకు మరింత బలం కావలసివస్తే, నీటినీ మిథనాలునూ కలిపి సన్నని తుంపరగా పీల్చే గాలిలోకి కావాలనే చిమ్మేవారు. జర్మన్లూ చేశారు, అమెరికన్లూ చేశారు. 1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారులోనూ అటువంటి ద్రవాన్నే వాడారు. తుంపర ఆవిరై సిలిండరును చల్లబరుస్తుంది; అంతే తప్ప హాని చేయదు. కాబట్టి వానలో కారు నడిపితే నాలుగు చినుకులు ఫిల్టరు మీద పడ్డాయని గాబరా పడనక్కరలేదు. ప్రమాదమంతా ముద్దగా వచ్చే నీటితోనే, అంటే ముక్కు మునిగినప్పుడే. ఈ భేదం తెలియక కొందరు చినుకుకు భయపడతారు, వరదకు భయపడరు.

ముక్కును నీటిపైన ఉంచాలన్న ఆలోచన మొదట నేల మీది బండ్లకు గాక, నీటిలో తిరిగే పడవలకు వచ్చింది. 1897లో అమెరికాలోని బాల్టిమోరులో సైమన్ లేక్ అనే ఆయన ఆర్గొనాట్ అనే జలాంతర్గామిని నిర్మించాడు. దానికి పెట్రోలు ఇంజను. అది సముద్రపుటడుగున చక్రాల మీద పాకుతుంటే, గాలి మాత్రం పై నుండి గొట్టాల గుండా దిగేది. ఆ తరువాత ఇటలీ నౌకాదళంలో పెరిక్లె ఫెరెత్తి అనే ఇంజనీరు అటువంటి గొట్టాన్ని ఒక జలాంతర్గామి మీద పరీక్షించి చూశాడు. పని చేసింది కాని పైవారు పట్టించుకోలేదు. చివరకు దానిని నమ్మి వాడుకలో పెట్టినవారు డచ్చివారు. వారి నౌకాదళాధికారి విఖర్స్ ఆలోచన మేరకు 1939లో ఓ-19, ఓ-20 అనే జలాంతర్గాములకు ఆ గొట్టాన్ని అమర్చారు. 'స్నౌవర్' అని పేరు పెట్టారు. మూచూసేది, ముక్కుతో ఎగబీల్చేది అని అర్థం.

1940 మే నెలలో జర్మనీ హాలండును ఆక్రమించినప్పుడు ఈ గొట్టాలున్న పడవలు జర్మన్ల చేతికి చిక్కాయి. వారు మొదట వాటిని లెక్కచేయలేదు. మూడేళ్ళు గడిచి, 1943లో మిత్రరాజ్యాల విమానాలు రాడారుతో వెదకి వెదకి నీటిపైకి తేలిన జలాంతర్గాములను ముంచసాగిన తరువాత గాని ఆ గొట్టం విలువ తెలిసిరాలేదు. 1944 నాటికి తమ పడవలకు విరివిగా బిగించారు. దానికి వారు పెట్టిన 'ష్నోర్ఖెల్' అనే పేరే ఇంగ్లీషులో 'స్నార్కెల్' అయింది. ఈ మాట గురక పెట్టడమనే అర్థమున్న జర్మను మాటకు చుట్టం.

ఆ గొట్టపు కొసన ఒక బెండు కవాటం ఉండేది. అల వచ్చి గొట్టం నోటిని కప్పగానే బెండు తేలి నోటిని మూసేది, అల పోగానే తెరిచేది. నీరు లోపలికి రాదు, బాగానే ఉంది. అయితే లోపల డీజిలు ఇంజను ఆగదు కదా. గొట్టం మూసుకున్న ఆ కొద్ది క్షణాలలో అది పడవలోని గాలినే పీల్చేసేది. లోపల పీడనం చటుక్కున పడిపోయి, నావికుల చెవులు దిబ్బెళ్ళు పడి, కొందరికి చెవులలో భరించలేని నొప్పి వచ్చేది. ముక్కు మూసుకున్నా పీల్చడం మానని ఇంజను ఎంత మొండిదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఈ మొండితనాన్ని గుర్తుంచుకోండి. కారు దగ్గరికి వచ్చేసరికి దీనితోనే పని.

ట్యాంకుల కథ ఇంకొక రకం. 1940లో ఇంగ్లండు మీద దండెత్తే ఉద్దేశంతో జర్మన్లు కొన్ని ట్యాంకులను సముద్రపుటడుగున నడిచేటట్లు మార్చారు. 18 మీటర్ల రబ్బరు గొట్టం, దాని కొస నీటిపై తేలడానికి ఒక బోయా. పొగగొట్టానికి పొగను పోనిచ్చి నీటిని రానివ్వని కవాటం. ఫిరంగి బురుజు తిరిగే సందులో, సైకిలు ట్యూబులాగా గాలి నింపి ఉబ్బించే రబ్బరు కట్టు. దండయాత్ర జరగనే లేదు. ఆ ట్యాంకులు 1941 జూన్ 22న సోవియట్ సరిహద్దులో బగ్ నది అడుగున నడిచి అవతలి ఒడ్డుకు తేలాయి. మూడేళ్ళ తరువాత, 1944 జూన్ 6న నార్మండీ తీరాన దిగిన షెర్మన్ ట్యాంకులలో చాలావాటికి వెనుక భాగాన నిలువుగా రేకు గొట్టాలు లేచి ఉండేవి. పీల్చే గాలికి ఒకటి, వదిలే పొగకు ఒకటి. వాటితో దాదాపు ఆరడుగుల నీటిలో నడవగలిగేవి. జీపులకు కూడా గొట్టాలు కట్టి, ప్రతి సందునూ జిగటముద్దతో పూడ్చారు. ఒడ్డు చేరగానే ఆ పూతలూ మూతలూ ఊడబెరకాలి. లేకపోతే ఇంజను ఉడికిపోతుంది. నీటి నుండి కాచిన మూతే వేడికి కారణమవుతుంది. ఈ తగవు నేటి కార్లలోనూ తీరలేదు.

గొట్టం ఎత్తున ఉన్నంత మాత్రాన నది మనకు లోబడినట్లు కాదనీ చెప్పుకోవాలి. గొట్టం ఇంజను ఊపిరిని కాపాడగలదు, ప్రవాహాన్ని ఆపలేదు. 2024 జూన్ చివర లద్దాఖులో శ్యోక్ నది దాటుతుండగా నీరు హఠాత్తుగా పెరిగి, టీ-72 ట్యాంకులోని ఐదుగురు భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ బిడ్డలు.

యుద్ధం ముగిశాక ఈ ఎత్తు ముక్కు అడవిదారుల జీపులకు సంక్రమించింది. 1980 నుండి 2000 దాకా జరిగిన క్యామెల్ ట్రోఫీ సాహసయాత్రల చిత్రాలలో, అద్దం పక్కగా పైకప్పు దాకా లేచిన గొట్టాలతో ఉన్న ల్యాండ్ రోవర్లను మీరు చూసే ఉంటారు. ఆస్ట్రేలియావారు దీనిని నీటి కోసం ఎంతగా వాడారో, దుమ్ము కోసమూ అంతగానే వాడారు. ముందు పోయే బండి రేపిన ధూళి కింద దట్టంగా, పైన పలచగా ఉంటుంది కదా.

మరి మామూలు కారు? హెన్రీ ఫోర్డు 1908 నుండి 1927 వరకు తయారుచేసిన టీ మోడలు కారుకు అసలు గాలి ఫిల్టరే లేదు. ఫిల్టరు తరువాత వచ్చింది. మన అంబాసిడరుకు (1958లో పుట్టి 2014లో కన్నుమూసింది) అది ఇంజను నెత్తి మీద, బానెట్టు కింద, నడుమెత్తున ఉండేది. నా ఉద్యోగకాలంలో అంబాసిడరు టాక్సీలో వాగులు దాటిన రోజులున్నాయి. డ్రైవరు వాగు ముందు బండి ఆపి, దిగి, ఫ్యాన్ బెల్టు ఊడదీసేవాడు. ఫ్యాను తిరిగితే నీరు చిమ్మి డిస్ట్రిబ్యూటరు తడుస్తుందట. రేడియేటరు ముందు గోనెపట్టా కట్టేవాడు. ఇంత చేసినా ఒక్కొక్కసారి నడివాగులో బండి 'కుయ్' మని ఆగిపోయేది. అవతలికి తోయించి, డిస్ట్రిబ్యూటరు మూత తీసి పొడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ లేచేది. మేము ఆ బండిని తిట్టుకునేవాళ్ళం. నా శిష్యుడు చెబితే గాని తెలియలేదు, ఆ పిరికితనమే దానికి రక్ష అని. నీరు ముక్కు దాకా చేరకముందే నిప్పురవ్వ ఆరిపోయి ఇంజను ఆగేది. ఆగిన ఇంజను నీరు తాగదు. ఇప్పటి కార్లలో ఆ తీగలూ కాయిళ్ళూ తడవకుండా పకడ్బందీగా ఉంటాయి. డీజిలుకు నిప్పురవ్వతో పనే లేదు. అందుచేత ముక్కు మునిగే వరకూ ధీమాగా నడుస్తాయి.

ఇక ముక్కు కిందికి దిగిన వైనం. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. బానెట్టు కింద గాలి 60 డిగ్రీలుండి, బయట 30 ఉన్నదనుకోండి. బయటి గాలి దాదాపు పదోవంతు చిక్కన. చిక్కని గాలిలో ప్రాణవాయువు ఎక్కువ, ఆ మేరకు బలమూ ఎక్కువ. పందేలవారికి ఈ సూత్రం ఎప్పటి నుండో తెలుసు. నూనెలో తడిపిన నూలుగుడ్డ ఫిల్టర్లతో పేరు తెచ్చుకున్న కే అండ్ ఎన్ సంస్థ కాలిఫోర్నియాలో 1969లో వెలిసింది. 1990లలో అక్కడి కుర్రకారు చిన్న జపాను కార్లకు, ముఖ్యంగా హోండా సివిక్కులకు, గాలి గొట్టాన్ని పొడిగించి, ఇంజను వేడి సోకని బంపరు మూలకు దించడం మొదలుపెట్టారు. చల్లగాలి దొరికేది అక్కడే మరి. దక్షిణ కాలిఫోర్నియాలో వానలు తక్కువ. ఆ గొట్టం ఆ నేలకు తగినది. అదే మన దేశానికి పెట్టెలో ప్యాకై వచ్చింది. దానితోపాటు ఆ వాతావరణం రాలేదు.

అక్కడ కూడా గుంటల్లో దిగి ఇంజన్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అందుకు విరుగుడుగా ఏఈఎం అనే సంస్థ గొట్టం నడుమ, ఎత్తయిన చోట అమర్చే ఒక కవాటాన్ని తెచ్చింది. కింద ఫిల్టరు మునిగి గొట్టంలో లాగుడు పెరిగితే, ఆ కవాటం తెరుచుకొని పై నుండి గాలినిస్తుంది. జలాంతర్గామి బెండు కవాటానికి ఇది మనవరాలని నా అభిప్రాయం. అక్కడ నోరు మూశారు, ఇక్కడ రెండో నోరు తెరిచారు. నీరు ఆ కవాటం దాకా వస్తే మాత్రం అదీ నిరుపయోగమే. ఇక ఫిల్టరుకు తొడిగే, నీరంటని గుడ్డ తొడుగులు వస్తాయి. అవి చిమ్మిన నీటిని ఆపుతాయి. మునిగితే ఆపలేవు. కింద అడ్డంగా బిగించే ప్లాస్టిక్ పలకలూ అంతే.

"గొట్టం పైకి వంచి ఉంది కదా మాస్టారూ, నీళ్ళు అంత ఎత్తు ఎలా ఎక్కుతాయి అని అడుగుతారండీ మా కస్టమర్లు" అన్నాడు నా శిష్యుడు. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీల్చే పసివాడికి తెలిసిన జవాబే అది. ముక్కు మునిగాక గాలి రాదు, మొండి ఇంజను పీల్చడం మానదు, కాబట్టి నీరే పైకి వస్తుంది. మూరెడు ఎత్తు దానికి లెక్క కాదు.

కంపెనీవారు తగిలించే నల్లని గాలిపెట్టెను మనవాళ్ళు చులకనగా చూస్తారు గాని, దానిలో చాలా ఆలోచన ఉంది. గాలి పీల్చే నోరు సాధారణంగా రేడియేటరు పైపట్టీ దగ్గర, హెడ్‌లైటు వెనుక, ఎత్తున ఉంటుంది. దారి మెలికలు తిరుగుతుంది. నీటిబొట్టు బరువు వల్ల మలుపు తిరగలేక గోడకు కొట్టుకొని జారుతుంది. జారిన నీరు పోవడానికి పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. (దానిని చెత్త పూడ్చకుండా చూసుకోవాలి.) ఎంత నీటిలో దిగవచ్చునో చెప్పే బండ్లూ ఉన్నాయి. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు 650 మిల్లీమీటర్లు, అప్పుడే వచ్చిన కొత్త డిఫెండరుకు 900 వరకు అని కంపెనీలు ప్రకటించాయి. అదైనా నింపాదిగా, ఒకే వేగంతో పోతేనే. వేగంగా పోతే బండి ముందు అల లేచి, మోకాలి లోతు నీరు బానెట్టును ముంచుతుంది. ఎదురుగా వచ్చే లారీ లేపే అల వేరే.

మన నగరాల సంగతి మీకు తెలియనిది కాదు. 2005 జూలై 26న బొంబాయిలోని శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. కార్లలోనే చిక్కుకొని ఊపిరాడక పోయినవారున్నారు. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు. 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి.

ఆ నెలలో నా శిష్యుని షెడ్డుకు వెళ్ళాను. కార్లు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. వాటిని అతడు రెండు వరుసలుగా విడదీశాడు. ఒక వరుసలోవి ఇంటి ముందు నిలిపి ఉండగా మునిగినవి. లోపల బురద, సీట్లు కుళ్ళు వాసన, వైరింగు నాశనం. కాని ఇంజనులో రాడ్లు నిటారుగానే ఉన్నాయి. రెండో వరుసలోవి నీటిలో నడుపుతుండగా ఆగినవి. లేదా నీరు తీశాక యజమాని ఆత్రం కొద్దీ సెల్ఫ్ కొట్టినవి. ఒక కారు ఇంజను విప్పి బల్ల మీద పరిచాడు. నాలుగు రాడ్లలో ఒకటి విల్లులా వంగి ఉంది. "ఆగిన తర్వాత మళ్ళీ మూడుసార్లు సెల్ఫ్ కొట్టారటండీ. మొదటిసారికే ఆపి ఉంటే బహుశా ప్లగ్గులు విప్పి నీళ్ళు కక్కించి, ఆయిల్ మారిస్తే సరిపోయేది" అన్నాడు. నీరు తాగిన ఇంజనుకు చికిత్స అదేనట. ప్లగ్గులు తీసి చేతితో తిప్పితే నీరు పిచికారీలా పైకి చిమ్ముతుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగితే అది మొత్తం పోయాలి. ఆ పని అయ్యేదాకా తాళంచెవి ముట్టకూడదు.

ఆ వంగిన రాడ్డు యజమాని ఒక చిన్న ఉద్యోగి. బీమా ఉంది. అయితే మామూలు వాహన బీమాలో, ప్రమాదం వల్ల నేరుగా కలిగిన నష్టం వేరు, దాని పర్యవసానంగా కలిగిన నష్టం వేరు. వరద మీది తప్పు, సెల్ఫ్ కొట్టింది మీరు కదా అంటారు బీమావారు. ఇంజను రక్షణ అని విడిగా కొంత రుసుము కట్టి తీసుకునే పత్రం ఉంటే తప్ప, ఈ వాదంలో గెలవడం కష్టం. పైగా కంపెనీ పెట్టెను తీసేసి వేరే గొట్టం పెట్టించుకున్న సంగతి బయటపడితే పేచీ మరింత బిగుస్తుంది. కర్తరికీ కర్మణికీ భేదం చెప్పి నేను ఎన్నో ఏళ్ళు జీతం తీసుకున్నాను గాని, 'ఇంజను చెడింది', 'ఇంజనును చెడగొట్టారు' అనే రెండు వాక్యాల మధ్య ఒక మనిషి ఏడాది సంపాదన ఉంటుందని అక్కడే చూశాను.

ఇప్పుడు నా శిష్యుడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కుర్రవాళ్ళు గొట్టం పెట్టించుకోవడానికి వస్తే కాదనడు. అది అతనికి జీవనం. పీకిన పాత గాలిపెట్టెను మాత్రం పారేయనివ్వడు. సుద్దముక్కతో దాని మీద కారు నంబరు రాసి షెడ్డు అటక మీద పెడతాడు. జూన్ మొదటి వారంలో ఒక్కొక్కరికీ ఫోను చేసి పిలిచి, గొట్టం విప్పి, పాత పెట్టె బిగించి పంపుతాడు. అరగంట పని. కార్తీకం వెళ్ళి తుపానుల రోజులు దాటాక వారి గొట్టం మళ్ళీ వారికి. మొన్న వెళ్ళినప్పుడు అటక వైపు చూశాను. పెట్టెలు పదిహేడు ఉన్నాయి.